పిజ్జా రొట్టెకు లేని పన్ను పెరుగు ప్యాకెట్‌కు ఎందుకు? వరంగల్ నుంచి జీఎస్టీ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

జీఎస్టీ కౌన్సిల్ అధ్యక్షురాలు, కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,
తెలంగాణ ఉప ముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి శ్రీ మల్లు భట్టి విక్రమార్క గారికి,
ఉత్తర తెలంగాణ ఎంపీలకు, ఎమ్మెల్యేలకు

విషయం: తిండి సామాను, ఒంటి శుభ్రతకు ఇంటి శుభ్రతకు వాడే వస్తువుల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తివేయాలని వినతి

నమస్కారం.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఒక గల్లీలో నాకు చిన్న కిరాణం దుకాణం ఉంది. పదహారేళ్లుగా నడుపుతున్నాను. మార్కెట్ హమాలీలు, కోల్డ్ స్టోరేజీల దగ్గర మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ టీచర్లు నా గిరాకీ. సగానికి పైగా ఉద్దెర. సామాను ఇవ్వాళ తీసుకుంటారు, కూలి వచ్చినప్పుడు పైసలు కడతారు. అందుకే ఎవరింట్లో ఏం తింటారో, ఏ నెలలో ఏది మానేస్తారో నా ఉద్దెర పుస్తకానికి తెలుసు.

ఈ విషయం మీద మా గల్లీ ఆడవాళ్లం కలిసి రెండుసార్లు అర్జీ రాశాం. మొదటిది ఒక కార్యాలయంలో ఇస్తే, పన్ను రేట్లు మా చేతిలో లేవు, ఢిల్లీకి రాయండి అన్నారు. రెండోది ఢిల్లీకి రిజిస్టర్ పోస్టులో పంపాం. చేరినట్టు రసీదు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. మాకు అర్థమైనంత వరకు తప్పు ఏ ఒక్క గుమస్తాది కాదు. మా ప్రశ్న ఎవరి బల్ల మీదా ఆగకుండా జారిపోతోంది. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

ముందుగా మంచి మాట ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానం సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పిల్లల నోటు పుస్తకాలకు, పెన్సిళ్లకు పన్ను పోయింది. నెయ్యి మీద 12 ఉండేది 5 అయింది. మా గిరాకీకి ఆ తేడా తెలిసింది. ఇచ్చినదాన్ని లేదని చెప్పను. మిగిలిపోయినవాటి గురించే ఈ ఉత్తరం.

1. ఏది అవసరం, ఏది కాదు అన్న లెక్క కుదరలేదు

పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం 2025 సెప్టెంబరు 3న జరిగింది. అందులో పిజ్జా రొట్టెకు, రెడీమేడ్ చపాతీకి, పరోటాకు, ప్యాకెట్ పనీర్‌కు పన్ను తీసేశారు. తీసేయడం మంచిదే. కానీ అదే చపాతీ ఇంట్లో చేసుకుందామని ఐదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ కొంటే 5 శాతం కట్టాలి. పనీర్‌కు లేని పన్ను పెరుగు ప్యాకెట్‌కు ఉంది. ముల్కనూరు మహిళా డెయిరీ గురించి మా జిల్లాలో తెలియనివాళ్లు లేరు. ఊరి ఆడవాళ్లు పాలు పోసి సొంతంగా నిలబెట్టుకున్న డెయిరీ అది. అలాంటి సహకార డెయిరీ పెరుగును కవర్లో పోసి, లేబుల్ వేసి అమ్మితే పన్ను. ఈ లెక్క పెట్టినవాళ్లు ఎండాకాలం వరంగల్‌లో మధ్యాహ్నం పెరుగన్నం తినకుండా ఒక్కరోజు ఉండి చూస్తే బాగుండేది.

బియ్యం సంగతి ఇంకా విచిత్రం. 2022 జూలై 18 దాకా బ్రాండు పేరున్న బియ్యం, పప్పుల మీదే పన్ను ఉండేది. ఆ రోజు నుంచి బ్రాండు ఉన్నా లేకున్నా, ముందే తూచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బస్తా 25 కిలోలు, అంతకు తక్కువ అయితే 5 శాతం. 25 దాటితే లేదు. దాంతో 26 కిలోల బస్తాలు వచ్చాయి. 1,400 రూపాయల 25 కిలోల బస్తా మీద 70 రూపాయలు పన్ను. ఇంకో కిలో ఎక్కువ పోయించుకుంటే ఆ పన్నే ఉండదు. బస్తా మొత్తం ఒకేసారి కొనగలిగిన ఇంటికి పన్ను తప్పుతుంది. పది కిలోలు, ఐదు కిలోల ప్యాకెట్ కొనే ఇంటికి తప్పదు. చేతిలో పైసలు తక్కువ ఉన్నవాడే చిన్న ప్యాకెట్ కొంటాడని దుకాణంలో కూర్చున్న ఎవరికైనా తెలుసు.

మేడారం జాతరకు బెల్లం అమ్మే రోజుల్లో నాకు ఈ చట్టం మరీ నవ్వు తెప్పిస్తుంది. అమ్మవార్లకు ఎత్తు బంగారం, అంటే మనిషి ఎత్తు బరువు బెల్లం, ఇచ్చేవాళ్లు కొనే బెల్లం ముద్దలకు పన్ను లేదు. అదే బెల్లాన్ని అరకిలో చొప్పున ప్యాక్ చేసి, మీద బరువు, తేదీ అచ్చువేసి శుభ్రంగా అమ్మితే 5 శాతం. వస్తువు మారలేదు, కవరు వచ్చిందంతే.

"లూజుగా కొనుక్కోండి, పన్ను ఉండదు కదా" అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. బియ్యం, పప్పుల వరకు ఆ మాట నిజం. వంటనూనె, చక్కెర, చాయ్ పత్తా, కారం, పసుపు ఎలా అమ్మినా పన్ను పరిధిలోనే ఉన్నాయి. పైగా లూజు నూనె అమ్మడాన్ని ఆహార భద్రత నిబంధనలే కాదంటాయి. కల్తీ భయంతో జనం కారం, పసుపు ప్యాకెట్లకు మారారు. మారమని చెప్పింది కూడా ప్రభుత్వమే. మా ఎనుమాముల యార్డులో రైతు అమ్మిన మిర్చే పొడి అయి, ప్యాకెట్ అయి, 5 శాతం మోసుకుని మళ్లీ మా గల్లీకి వస్తోంది. ఆ మిర్చి పండించిన ఇంట్లోనూ కారం ప్యాకెట్ కొనే రోజులు వచ్చాయి.

2. బట్టల సబ్బు మీద 18 శాతం

ఈ ఉత్తరంలో నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే. స్నానం సబ్బు 5కు దిగింది. కానీ బట్టలు ఉతికే డిటర్జెంట్ పౌడర్, డిటర్జెంట్ సబ్బు, గిన్నెలు తోమే సబ్బు, చేతులు కడుక్కునే లిక్విడ్, ఇల్లు తుడిచే ఫినాయిల్ 18లోనే ఉండిపోయాయి. మా దగ్గర జనం ఏ కంపెనీ పౌడర్‌నైనా సర్ఫు అనే అంటారు. సర్ఫు లేకుండా నెల గడిచే ఇల్లు నా పుస్తకంలో ఒక్కటీ లేదు. నూనె తగ్గించుకుంటారు. చక్కెర మానేసి బెల్లం వేసుకుంటారు. సర్ఫు మాత్రం ఎవరూ మానరు.

ఎందుకు మానరో మా ప్రాంతం చూస్తే తెలుస్తుంది. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు సాయంత్రం నా దుకాణం ముందు నుంచే ఇంటికి పోతారు. చీర కొంగంతా మిర్చి ఘాటు. ఆ చీరతో చంటిపిల్లను ఎత్తుకుంటే పిల్ల ఒళ్లు మండి గుక్కపెట్టి ఏడుస్తుంది. ఒకామె నాతో అన్న మాట: "అక్కా, నేను ఇంటికి పోగానే ముందు బిడ్డను ముట్టను, సబ్బును ముడతా." పత్తి సీజన్లో హమాలీల చొక్కాల్లో దూది పీచు, దుమ్ము. భూపాలపల్లిలో బొగ్గు గనికి పోయే మనిషి బట్టలు రోజూ ఉతకాల్సిందే, నీళ్లలో ముంచి తీస్తే ఆ నలుపు పోదు. జగిత్యాల, కామారెడ్డి, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు దుమ్ము గోడల మీదా, దుప్పట్ల మీదా ఉంటుంది. ఏసీ గదిలో పనిచేసేవారి చొక్కా రెండు రోజులు ఆగుతుంది. వీళ్లది ఒక్క పూట ఆగదు. అంటే ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే సర్ఫు ఎక్కువ కొంటారు, 18 శాతం ఎక్కువ కట్టేదీ వాళ్లే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అదే 56వ సమావేశంలో బీడీల మీద పన్నును 28 నుంచి 18కి తగ్గించాలని నిర్ణయించారు. బీడీ కార్మికుల బతుకు దానితో ముడిపడి ఉంది. మా దగ్గర వేల ఇళ్లు ఆ పని మీదే ఉన్నాయి కాబట్టి దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ నిర్ణయంతో బీడీ కట్టా, బట్టల పౌడరూ ఒకే వరసలోకి వచ్చాయి. ఒకటి ఊపిరితిత్తులను పాడు చేసేది, ఇంకొకటి మురికిని పోగొట్టేది. రెండింటికీ 18.

బట్టల సబ్బు సౌందర్య సాధనం కాదు, పారిశ్రామిక రసాయనం అసలే కాదు. గజ్జి, తామర వచ్చిన ఇంట్లో డాక్టరు మొదట చెప్పేది ఏంటి? దుప్పట్లు వేడి నీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో వేయమనే కదా. మందు మీద పన్ను తగ్గించి, మందుతో పాటు వాడమన్న సబ్బు మీద 18 ఉంచడం ఏ లెక్క?

3. ఒక ఇంటి నెల సామాను

పెద్ద లెక్కలు నాకు రావు. నా పుస్తకంలోని ఒక ఇంటి లెక్క చెబుతాను. నలుగురు మనుషులు. భర్త హమాలీ, భార్య మిర్చి కూలీ, ఇద్దరు పిల్లలు బడికి పోతారు. రేషన్ సన్నబియ్యం వస్తుంది కాబట్టి బియ్యం పెద్దగా కొనరు. ఆ పథకం మేలు చేసింది.

నూనె ప్యాకెట్లు నాలుగు 600 రూపాయలు. చక్కెర రెండు కిలోలు 90. చాయ్ పత్తా 105. కారం, పసుపు, ధనియాల పొడి, మసాలాలు అన్నీ కలిపి 210. గోధుమపిండి ఐదు కిలోల ప్యాకెట్ 252. కందిపప్పు కిలో ప్యాకెట్లు రెండు 294. స్నానం సబ్బులు 168. పేస్టు 105, తలనూనె 105, షాంపూ 42. ఇవన్నీ 5 శాతంలో ఉన్నవి, కలిపితే 1,971 రూపాయలు. అందులో పన్ను దాదాపు 94 రూపాయలు.

ఇక సర్ఫు 236, బట్టల సబ్బులు, గిన్నెల సబ్బు కలిపి 118, ఫినాయిల్ 59. మొత్తం 413. ఇవి 18 శాతంలో ఉన్నవి. అందులో పన్ను 63 రూపాయలు.

మొత్తం బిల్లు 2,384. పన్ను 157. ఏడాదికి 1,880 దాటుతుంది. ఆ ఇల్లాలికి చెబితే వేళ్లు మడిచి లెక్క వేసుకుని "ఎనిమిది రోజుల కూలి" అన్నది. ఇంకో ముక్క గమనించండి. బట్టల, గిన్నెల సబ్బులు, సర్ఫు, ఫినాయిల్ ఖర్చు బిల్లులో ఆరో వంతు కంటే కొంచెమే ఎక్కువ. పన్నులో మాత్రం ఐదింట రెండు వంతులు వాటిదే.

157 రూపాయలకే ఇంత ఉత్తరమా అని అనిపించవచ్చు. నెలకు లక్ష సంపాదించే ఇంటికీ నూనె నాలుగు ప్యాకెట్లే, మహా అయితే ఆరు. ఆ ఇంటికి ఈ పన్ను కనపడదు. 2023-24 ప్రభుత్వ గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇంటి ఖర్చులో తిండి వాటా 47 శాతం, పట్నంలో దాదాపు 40 శాతం. అది సగటు మాత్రమే. ఆదాయం తగ్గేకొద్దీ తిండి వాటా పెరుగుతుంది, దాని మీద వేసే పన్ను బరువూ పెరుగుతుంది. ఆదాయపు పన్నుకు ఒక హద్దు ఉంది, దాని కింద ఉన్నవాళ్లు కట్టనక్కర్లేదు. పప్పు ప్యాకెట్‌కు అలాంటి హద్దు లేదు.

ఇంకా చెప్పాలంటే, కట్టేవాళ్లకు తాము కడుతున్నట్టే తెలియదు. ప్యాకెట్ మీద అన్ని పన్నులు కలుపుకుని గరిష్ఠ ధర అని ఒకే అంకె ఉంటుంది. "మేము పేదోళ్లం, మాకు ట్యాక్స్ లేదు" అని నా గిరాకీలో సగం మంది నమ్ముతారు. ఉద్దెర తీసుకున్న సామాను మీద కూడా పన్ను పడింది బిడ్డా అంటే నన్ను వింతగా చూస్తారు.

4. ప్యాడ్ల మీద పన్ను లేదన్నారు, ఉంది

శానిటరీ ప్యాడ్ల మీద 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు 12 శాతం వేశారు. దేశమంతా ఆడవాళ్లు అడిగితే 2018 జూలై 27 నుంచి తీసేశారు. ఆ రోజు మా గల్లీలో ఆడపిల్లలు సంబరపడ్డారు. తర్వాత నెలలో ప్యాకెట్ ధర చూస్తే, 12 శాతం పన్ను పోయిన చోట తగ్గింది ఒకటి రెండు రూపాయలే. కొన్ని రకాలకు అది కూడా లేదు. దుకాణంలో తిట్లు తిన్నది నేను.

ఎందుకిలా అని మా టీచరు గారిని అడిగితే విడమరచి చెప్పారు. ప్యాడ్ తయారీకి గుజ్జు, జిగురు, ప్లాస్టిక్ పొర, ప్యాకింగ్ కావాలి. వాటి మీద తయారీదారు పన్ను కడతాడు. మామూలు వస్తువైతే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకుంటాడు. కానీ తయారైన వస్తువుకు పన్ను మినహాయింపు ఇస్తే ఆ క్రెడిట్ రాదు. కట్టిన పన్ను ఖర్చులో కలిసి మళ్లీ ధరలోకే వస్తుంది. పైకి సున్నా, లోపల పన్ను. పెద్ద కంపెనీలు ఎలాగో తట్టుకుంటాయి. రెండు మిషన్లు పెట్టుకుని ప్యాడ్లు చేసే మహిళా సంఘాలు తట్టుకోలేవు.

దీనికి మందు చట్టంలోనే ఉంది. ఎగుమతి చేసే సరుకుకు పన్నూ ఉండదు, ముడి సరుకు మీద కట్టింది కూడా వాపసు వస్తుంది. విదేశంలో వాడే మనిషికి ఇచ్చిన ఆ వెసులుబాటు ఇక్కడి ఆడపిల్ల ప్యాడ్‌కు, ఇక్కడి పిల్లవాడి పెరుగుకు ఇవ్వమంటున్నాం. కెనడాలో పాలు, రొట్టె, కూరగాయల లాంటి ప్రాథమిక తిండి సరుకులకు ఇదే పద్ధతి ఉంది. 2015 జూలై 1 నుంచి ప్యాడ్లను కూడా అందులో చేర్చారు. కాబట్టి కుదరదని ఎవరూ అనలేరు.

ప్యాడ్ ప్యాకెట్‌ను నేను ఇప్పటికీ పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇస్తాను. ఇవ్వకపోతే తీసుకోరు. బస్తీలో ఇంకా పాత చీర ముక్కలు వాడేవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరికి అది అలవాటు, కొందరికి పైసల ఇబ్బంది. పైసల వల్ల ఆగినవాళ్ల వరకైనా దారి తీయడం మీ చేతిలో ఉంది. ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు వాడే డైపర్లను 12 నుంచి 5కు తెచ్చారు. అవి కూడా ఈ వరసలోకే రావాలి. మా గల్లీలో పక్షవాతం వచ్చిన మామను చూసుకుంటున్న కోడలు నెలకు నాలుగు ప్యాకెట్లు కొంటుంది. ఆ ఇంట్లో సర్ఫు ఖర్చు కూడా రెట్టింపు.

5. తగ్గించింది ఎవరికి చేరింది?

2025 సెప్టెంబరులో రేట్లు తగ్గాక పెద్ద సబ్బులు, పెద్ద పేస్టుల ధర తగ్గింది. రూపాయి, రెండు రూపాయల షాంపూ ప్యాకెట్ అదే ధరకు ఉంది. లోపల పరిమాణం పెంచామని చెప్పారు. పెంచారో లేదో తూచి చూసే త్రాసు నా దగ్గర లేదు, గిరాకీ దగ్గరా లేదు. నా గిరాకీలో ఎక్కువ మంది కొనేది ఆ చిన్న ప్యాకెట్లే.

తగ్గించిన పన్ను జనానికి ఇవ్వకుండా మింగితే ఫిర్యాదు చేసేందుకు జీఎస్టీ చట్టంలో 171వ సెక్షన్ ఉంది. దాని కింద 2017లో ఒక ప్రత్యేక సంస్థ పెట్టారు. 2022 డిసెంబరులో ఆ పనిని కాంపిటీషన్ కమిషన్‌కు ఇచ్చారు, 2024 అక్టోబరులో జీఎస్టీ ట్రిబ్యునల్‌కు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. సరిగ్గా ఆరు నెలలు తిరగకముందే దేశంలో ఇంత పెద్ద పన్ను తగ్గింపు వచ్చింది. 1915 నంబరుకు ఫోన్ చేయమన్నారు. అది వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు రాసుకుంటుంది. శిక్ష వేసే అధికారం దానికి లేదు. పంట కోతకు వచ్చే వేళకు కావలివాడిని మాన్పించినట్టయింది.

6. చిన్న దుకాణాల గోడు

నా సొంత బాధ కాబట్టి తక్కువలో చెబుతాను. 2019 ఏప్రిల్ నుంచి చాలా రాష్ట్రాల్లో సరుకులు అమ్మే దుకాణం ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. తెలంగాణ ఆ వెసులుబాటు తీసుకోకుండా 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 40, మహారాష్ట్రలో 40. రోజుకు సగటున 5,480 రూపాయల అమ్మకం ఉంటే 20 లక్షలు అయిపోతుంది. అందులో పన్ను లేని పాల ప్యాకెట్లు, కోడిగుడ్లు, ఉప్పు కూడా లెక్కకు వస్తాయి. పాల ప్యాకెట్ మీద నాకు మిగిలేది చిల్లర పైసలు, హద్దు లెక్కలో పడేది మాత్రం మొత్తం ధర.

నేను కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నాను. నూటికి ఒక రూపాయి నా జేబు నుంచి కడతాను, గిరాకీ దగ్గర తీసుకోకూడదు. 2025 సెప్టెంబరులో 18 శాతం పన్నుతో కొని తెచ్చిన సబ్బులు, పేస్టులు కొత్త ధరకే అమ్మాను. ఆ తేడా ఎవరూ ఇవ్వలేదు. మాకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కదా. రేటు తగ్గించే రోజున చిన్న దుకాణం చేతిలో ఉన్న పాత సరుకు సంగతి ఈసారైనా ముందు ఆలోచించండి.

7. "మా చేతిలో లేదు" అన్న జవాబు గురించి

కేంద్రం కౌన్సిల్ వైపు చూపిస్తుంది, రాష్ట్రం కేంద్రం వైపు చూపిస్తుంది. రాజ్యాంగం 279ఏ ప్రకారం కౌన్సిల్‌లో ఓటు బరువు కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే ఒక్కరి చేతిలో లేదు, నిజమే. అందరి చేతిలోనూ కొంత కొంత ఉంది. ఈ ప్రతిపాదనను ఎజెండాలో పెట్టమని అడగడానికి తెలంగాణకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 5 శాతం పన్నులో రెండున్నర శాతం రాష్ట్రానిది. ఆ రెండున్నర వదులుకోవడానికి సిద్ధమని రాష్ట్రం ముందు చెబితే కదా కేంద్రాన్ని అడిగే మాటకు బలం వచ్చేది.

ఖజానాకు నష్టం వస్తుందని నాకూ తెలుసు. సన్నబియ్యం ఇచ్చేదీ, మా వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి నడిచేదీ పన్నుల పైసలతోనే. 2025 సెప్టెంబరు మార్పుల వల్ల నికరంగా 48,000 కోట్లు తగ్గుతుందని కేంద్రమే అంచనా వేసింది, అయినా ముందుకు వెళ్లింది. చిన్న కార్ల మీద 28 నుంచి 18కి తగ్గించడానికి ధైర్యం చేసినవాళ్లు సర్ఫు ప్యాకెట్ దగ్గర ఎందుకు ఆగారో మాకు చెప్పాలి. అన్నీ ఒకేసారి కుదరదంటే వరస పెట్టండి. ఆ వరసలో మొదట ఏది రావాలో కింద రాశాను.

మేము అడుగుతున్నవి:

1. డిటర్జెంట్ పౌడర్, డిటర్జెంట్ సబ్బు, గిన్నెల సబ్బు, చేతులు కడిగే లిక్విడ్, ఫినాయిల్‌ను వెంటనే 18 నుంచి 5 శాతానికి తేవాలి. తర్వాతి ఏడాది పూర్తిగా ఎత్తివేయాలి.

2. పెరుగు, మజ్జిగ, బియ్యం, పప్పులు, అన్ని రకాల పిండి, బెల్లం ప్యాకెట్ల మీద 2022 జూలైలో వేసిన 5 శాతం తీసేయాలి. 25 కిలోల గీత చెరిపేయాలి.

3. వంటనూనె, చక్కెర, చాయ్ పత్తా, కారం, పసుపు, స్నానం సబ్బు, టూత్‌పేస్టు, పిల్లల, పెద్దల డైపర్లను పన్ను లేని జాబితాలో చేర్చాలి.

4. ఈ జాబితాలోని వస్తువులకు, శానిటరీ ప్యాడ్లతో సహా, ముడి సరుకు మీద కట్టిన పన్ను తయారీదారుకు వాపసు ఇవ్వాలి. చిన్న యూనిట్లకు, మహిళా సంఘాలకు ఆ వాపసు నెల లోపు అందాలి.

5. తగ్గింపు ధరలో కనపడకపోతే ఫిర్యాదు తీసుకుని విచారించే అధికారం ఉన్న వ్యవస్థను మళ్లీ తెరవాలి. ఫిర్యాదు తెలుగులో రాసే వీలుండాలి.

6. ప్యాకెట్ మీద ధర పక్కనే అందులో పన్ను ఎంతో రూపాయల్లో అచ్చువేయించాలి.

7. తెలంగాణలో రిజిస్ట్రేషన్ హద్దును 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచాలి. ఇది భట్టి విక్రమార్క గారు చొరవ తీసుకోగల పని.

8. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఈ విషయాన్ని వచ్చే సమావేశాల్లో ప్రశ్నగా అడగాలి. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు మాకు తెలియజేయాలి.

ఈ లేఖ ప్రతులను రెండు మంత్రిత్వ శాఖలకూ ఈసారి స్పీడ్ పోస్టులో పంపుతున్నాం. మా గల్లీ ఆడవాళ్ల సంతకాలు, వేలిముద్రలు జత చేశాం. పైన చెప్పిన ఇంటి బిల్లు కాగితం కూడా ఆమెను అడిగి, పేరు కొట్టేసి పెట్టాను. కాదనదలిస్తే ఏ వస్తువుకు ఎందుకు కుదరదో వస్తువు వారీగా రాసి పంపండి. ఆ కాగితం వచ్చిన రోజు దాన్ని దుకాణం ముందు అంటిస్తాను. చదవడం రానివాళ్లకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక కిరాణం దుకాణం నడిపే మహిళ,
ఎనుమాముల దారి, వరంగల్